తలతో ఆపిన బంతి

షెఫీల్డ్,
జనవరి 24.

నాయినా,

ఉత్తరం చూసి కంగారు పడకు. అమ్మను కూడా పడనివ్వకు. మొన్న ఆదివారం మ్యాచ్‌లో చిన్న దెబ్బ తగిలింది, అంతే. కార్నర్ కిక్ వచ్చింది. బంతి కోసం నేను లేచాను, అవతలి జట్టు ఫార్వర్డ్ కూడా లేచింది. బంతి నాకే దక్కింది. గోలు ముందున్న బాక్సు బయట పడేట్టు తలతో కొట్టాను. ఆ వెంటనే ఆమె నుదురు వచ్చి నా చెవి పైన తగిలింది. కళ్లు తెరిచేసరికి గడ్డి మీద ఉన్నాను. మా టీమ్ డాక్టర్ నా మొహం మీదికి వంగి, "ప్రణీతా, మనం ఏ ఊళ్లో ఉన్నాం?" అని అడుగుతోంది. సరిగ్గానే చెప్పాను. అయినా బయటికి తీసుకుపోయారు. ఆరేళ్లుగా కెల్హామ్ రోవర్స్‌కు ఆడుతున్నాను కదా, సగం ఆటలో నడుస్తూ బయటికి రావడం ఇదే మొదలు.

ఫోను, టీవీ, లాప్‌టాప్ కొన్నాళ్లు ముట్టుకోవద్దన్నారు. ఫోన్లో కూడా ఐదు నిమిషాలకు మించి మాట్లాడొద్దట. అందుకే ఈ కాగితం. లాలాగూడ బళ్లో నాలుగో తరగతి దాకా నేర్చుకున్న తెలుగు ఇది, తప్పులు దిద్దుకుని చదువుకో.

కర్టెన్లు మూసుకుని పడుకుంటున్నాను. నాతో ఫ్లాట్‌లో ఉండే హాలీ, మా గోల్‌కీపర్, బాగా చూసుకుంటోంది. నిన్న ఏం చేసిందో తెలుసా? అమ్మ పంపిన చారుపొడిని టీపొడి అనుకుని కప్పులో వేసి, వేడినీళ్లు పోసి, పాలు కూడా కలిపి తెచ్చింది. తన మనసు నొప్పించలేక సగం తాగాను.

అమ్మను రావద్దని చెప్పు. నువ్వు మాత్రం ఉత్తరం రాయి. అక్షరాలు పెద్దవిగా రాయి.

నీ బిడ్డ,
ప్రణీత

---

హేస్,
ఫిబ్రవరి 2.

బిడ్డా ప్రణీతా,

నీ కళ్లకు కష్టం కావద్దని నల్ల స్కెచ్ పెన్నుతో రాస్తున్నాను. పేజీకి పది వరుసలే పడుతున్నాయి. ఎయిర్‌పోర్టులో బ్యాగులు ఎక్కించే హాలు పక్కన మా బ్రేక్ రూములో కూర్చుని రాస్తుంటే, తోటివాళ్లు చుట్టూ చేరి, "మో, ఎవరికి లవ్ లెటర్?" అని ఒకటే నవ్వు. మొగిలయ్య అనడం వాళ్లకు రాదు. ఈ పనిలో చేరి పద్నాలుగేళ్లు, అప్పట్నుంచి నేను 'మో'నే.

నీ మ్యాచ్ వీడియో ముక్క ఫోన్లో చూశాను. పదిసార్లు చూసి ఉంటాను. బంతిని ఎంత దూరం కొట్టావు! తర్వాత నువ్వు పడింది కూడా చూశాను. అది ఒక్కసారే చూశాను. అమ్మ కిచెన్ డ్యూటీ నుంచి వచ్చి నా చేతిలోని ఫోను లాక్కుంది. "నీ ఆట బిడ్డకు ఎక్కిచ్చినవ్. ఇగో, ఇప్పుడు సూడు" అన్నది.

అమ్మ అన్నది నిజమే. నువ్వు ఈ దేశం వచ్చిన ఏడాది బళ్లో నీతో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. నా డ్యూటీ దిగగానే కాలవ పక్కన పార్కుకు తీసుకుపోయి నీకు బంతి పైకి విసిరేవాడిని. నువ్వు కళ్లు మూసుకునేదానివి. "కండ్లు మూయకు బిడ్డా. బాలు నీ మీదికి వచ్చుడు కాదు, నువ్వే దాని మీదికి పోవాలె" అనేవాడిని. నేను లాలాగూడ రైల్వే జట్టులో నీలాగే డిఫెన్స్‌లో, స్టాపర్ బ్యాక్‌గా ఆడాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే, అదే నీకు ఇచ్చాను.

ఏప్రిల్ 26 ఆదివారం మీ ఆఖరి మ్యాచ్‌కు డ్యూటీ రోటా మార్పించుకున్నాను. ఈ సీజన్‌లో శని ఆదివారాలు డ్యూటీలే పడ్డాయి, ఒక్కటీ కళ్లారా చూడలేదు. అప్పటిదాకా ఇట్లాగే ఆడితే, అది గెలిచి మీరు పెద్ద లీగులోకి పోతారు కదా. నేను అక్కడ ఉండాలి.

నిద్ర పడుతున్నదా? అన్నం రుచిస్తున్నదా? నిజం రాయి.

నాయిన

---

షెఫీల్డ్,
ఫిబ్రవరి 22.

నాయినా,

ప్రాక్టీసుకు వెళ్తున్నాను. డాక్టర్ పరీక్షలన్నీ పాసయ్యాను. వచ్చే ఆదివారం ఆడతాను. ఫోన్ చూడనిస్తున్నారు, కానీ నువ్వు ఉత్తరాలు ఆపకు. ఫోన్ చేస్తే అమ్మ పక్కనే ఉంటుంది. ఇది మన ఇద్దరిదే.

ఇంకా ఆరు మ్యాచ్‌లు. ఇప్పుడు మేం రెండో స్థానంలో ఉన్నాం. మా కోచ్ నన్ను పిలిచి, "నువ్వు వెనకాల ఉంటే ముందున్న వాళ్లు భయం లేకుండా ఆడతారు" అన్నది. ఈ మాట ఎవరైనా అనాలని ఎన్నేళ్లు ఎదురుచూశానో నీకు తెలుసు. గోలు కొట్టిన వాళ్ల పేరు పాడతారు. గోలు పడకుండా చూసిన వాళ్ల పేరు ఎవరికీ గుర్తుండదు.

హాలీ గురించి నీకు చెప్పాలి. అమ్మ పంపిన చారుపొడిని టీ అనుకుని పాలు పోసి తెచ్చింది! సగం తాగాను పాపం. నీకు రాస్తే నవ్వుతావని అప్పుడే అనుకున్నాను.

తల బాగానే ఉంది.

ప్రణీత

---

హేస్,
మార్చి 3.

బిడ్డా,

చారుపొడి సంగతి నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు. అప్పుడే నవ్వుకున్నాను. ఈసారి నవ్వు రాలేదు.

రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చూశాను. జనవరిలో నీ అక్షరాలు గీత మీద నిలబడ్డాయి. ఇప్పుడు కిందికి జారుతున్నాయి. 'బాగానే' అన్న మాట కొట్టేసి మళ్లీ రాశావు.

ఆదివారం గెలిచారని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కానీ నువ్వు నాకు ఏదో చెప్పడం లేదు. చిన్నప్పుడు మోకాలు కొట్టుకుపోతే ప్యాంటు మడత దించి దాచేదానివి, గుర్తున్నదా? నేను తిడతానని కాదు, మర్నాడు పార్కుకు తీసుకుపోనని.

నాకు రాయి. అమ్మకు చెప్పను. ఎవరికీ చెప్పను. మాట ఇస్తున్నాను.

నాయిన

---

షెఫీల్డ్,
మార్చి 12.

నాయినా,

మాట ఇచ్చావు కాబట్టి రాస్తున్నాను. హాలీకి కూడా తెలియదు.

తల నొప్పి పోలేదు. పొద్దున్న లేవగానే మొదలవుతుంది. ఫ్లడ్‌లైట్లు వేస్తే కళ్లలో సూదులు గుచ్చినట్టు ఉంటుంది. పోయిన వారం ప్రాక్టీసుకు కారులో వెళ్తూ ఒక సిగ్నల్ దగ్గర ఆగాను. ఆరేళ్లుగా రోజూ వెళ్లే దారి. ఎడమకు తిరగాలా కుడికి తిరగాలా తెలియలేదు. వెనకాల హారన్లు మోగాయి. తోచిన వైపు తిరిగి, రోడ్డు పక్కన ఆపి, కాసేపు కూర్చున్నాను.

ఆదివారం మ్యాచ్‌లో ఇంకొకటి జరిగింది. బంతి దూరం పోగానే మా డిఫెన్స్ వరస అంతా ఒకేసారి ముందుకు కదలాలి. 'అప్' అని అరవాల్సింది నేను. నోరు తెరిచాను. ఆ మాట రాలేదు. ఒక్క అక్షరం లాంటి మాట, నాయినా. చేతులు ఊపాను. వాళ్లకు అర్థమైంది, బతికిపోయాం.

మరి పరీక్షలు ఎలా పాసయ్యానని అడుగుతావు. సీజన్ మొదట్లో అందరికీ కంప్యూటర్ మీద ఒక పరీక్ష పెడతారు. బొమ్మలు, అంకెలు గుర్తు పెట్టుకుని త్వరగా నొక్కాలి. దెబ్బ తగిలితే మళ్లీ అదే పెట్టి, రెండింటినీ పోల్చి చూస్తారు. ఆగస్టులో నేను కావాలనే నెమ్మదిగా చేశాను. అందుకని ఇప్పటి నా తల అప్పటి నా అబద్ధంతో సరిపోయింది.

నాకు ఇరవై ఏడేళ్లు. జూన్‌తో కాంట్రాక్టు అయిపోతుంది. ఇప్పుడు పెద్ద లీగులోకి వెళ్తే ఇంకో రెండేళ్లు ఉంటాను. వెళ్లకపోతే ఇంతే. ఇంకా నాలుగు మ్యాచ్‌లే. ఏప్రిల్ 26 దాకా నన్ను వదిలెయ్. మర్నాడు నేనే డాక్టర్ దగ్గరికి వెళ్లి అన్నీ చెప్తాను.

బంతి గాల్లో ఉన్నప్పుడు ఇది నాది అని తెలిసే క్షణం ఒకటుంటుంది. అది నీకు తప్ప ఎవరికీ వివరించలేను. అది లేకుండా నేను ఎవరినో నాకు తెలియదు.

చదివాక ఈ కాగితం చింపెయ్.

నీ ప్రణీత

---

హేస్,
మార్చి 17.

బిడ్డా,

కూర్చుని చదువు.

కాగితం చింపలేదు. నిన్న మధ్యాహ్నం బ్రేకులో మీ క్లబ్బుకు ఫోన్ చేశాను. డాక్టర్ కావాలన్నాను. ఆమె లైన్లోకి వచ్చాక నా ఇంగ్లిష్ అంతా ఎక్కడికో పోయింది. "డాక్టర్, నా బిడ్డ మీకు అబద్ధం చెప్తున్నది" అన్నాను. తర్వాత నీ ఉత్తరం వరుస వరుస చదివి, వచ్చినంత ఇంగ్లిష్‌లో చెప్పాను. సిగ్నల్ దగ్గర ఆగిపోయిన సంగతి, మాట రాని సంగతి, ఆగస్టు పరీక్ష, అన్నీ. ఆమె అంతా రాసుకుంది. చివరికి, "ఈ ఫోన్ చేసినందుకు ఆమె మిమ్మల్ని క్షమించకపోవచ్చు. తెలుసా?" అని అడిగింది. తెలుసన్నాను.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పనిది చెప్తాను. లాలాగూడ జట్టులో నా పక్కన ఇంకొక స్టాపర్ ఉండేవాడు. సదాశివం. నాకంటే రెండేళ్లు పెద్ద, అన్నా అనేవాడిని. ఒక టోర్నమెంట్ సెమీస్‌లో ఎవరిదో మోకాలు అతని తలకు తగిలింది. ఆ సాయంత్రం రైల్వే క్వార్టర్స్ మెట్ల మీద కూర్చుని, "మొగిలీ, తల తిరుగుతున్నదిరా. కోచ్ సాబ్‌కు చెప్పకు, రేపు ఫైనల్. నీకు నా మీద ఒట్టు" అన్నాడు. చెప్పలేదు. మర్నాడు అతను ఆడాడు. రెండో సగంలో కార్నర్ బంతిని తలతో కొట్టి, నిలబడి, నవ్వి, పడిపోయాడు.

చనిపోలేదు. చనిపోయాడంటే నీకు తేలికగా అర్థమయ్యేది. తొమ్మిదేళ్లు బతికాడు. మాట ముద్దగా వచ్చేది. ప్రతి సాయంత్రం గ్రౌండు గేటు దగ్గర నిలబడి నన్ను అడిగేవాడు, "ఫైనల్ ఎప్పుడురా మొగిలీ?" అని. "అయిపోయింది అన్నా, మనమే గెల్చినం" అనేవాడిని. సంతోషపడేవాడు. మర్నాడు మళ్లీ అడిగేవాడు.

అంతా తెలిసి కూడా నీకు బంతి విసిరాను. నాకు వేరే ఏదీ ఇవ్వడం రాలేదు. అతని పేరు చెబితే నువ్వు కళ్లు మూసుకుంటావని చెప్పలేదు.

ఒకసారి మాట నిలబెట్టుకున్నాను. ఇంకోసారి నా వల్ల కాలేదు.

నాయిన

---

షెఫీల్డ్,
మార్చి 25.

నాన్నగారికి,

మీరు ఫోన్ చేసిన గంటకే నన్ను జట్టు నుంచి తీసేశారు. సీజన్ అయిపోయేదాకా బంతి ముట్టుకోవడానికి లేదు. కోచ్ నా మొహం చూడలేదు. డాక్టర్ చూసింది, అది ఇంకా కష్టంగా ఉంది.

మీ ఉత్తరం మొదటి పేజీ చదివాను. మిగతావి చదవలేదు.

నాకు ఇక ఉత్తరాలు రాయకండి. ఏప్రిల్ 26న రాకండి.

ప్రణీత

---

హేస్,
ఏప్రిల్ 28.

బిడ్డా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. రావొద్దన్నావు, వచ్చాను.

పొద్దున్న దూరపు బస్సెక్కి వచ్చి, కార్నర్ జెండా వెనకాల ఆఖరి వరుసలో కూర్చున్నాను. నువ్వు అవతలి వైపు బెంచి వెనకాల నల్లకళ్లద్దాలు పెట్టుకుని, జట్టు కోటు వేసుకుని కూర్చున్నావు. మధ్యలో గ్రౌండంత దూరం. తొంభై నిమిషాలు ఆట కంటే నిన్నే ఎక్కువ చూశాను. సన్నబడ్డావు.

నీ చోట నిలబెట్టిన పిల్లకు పంతొమ్మిదేళ్లు ఉంటాయేమో. మంచి ఆట ఆడింది. ఎనభై మూడో నిమిషంలో వచ్చిన కార్నర్ తనకు అందలేదు. బంతి ఇంకా గాల్లో ఉండగానే నువ్వు కుర్చీలోంచి లేచావు. మడమలు నేల మీద లేవు. మెడ వెనక్కి తీసి ముందుకు కొట్టావు, ఖాళీ గాలిని. అప్పుడే వాళ్లు గోలు కొట్టారు. నువ్వు కూర్చుని మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నావు.

నువ్వు ఉంటే ఆ బంతి బాక్సు బయట పడేది. ఆ సంగతి అక్కడున్న అందరికంటే నాకే బాగా తెలుసు. నేను నీ మ్యాచ్ పోగొట్టాను. పెద్ద లీగు పోగొట్టాను. దానికి వేరే పేరు పెట్టను. కానీ ఆ మధ్యాహ్నం మళ్లీ వస్తే మళ్లీ ఫోన్ చేస్తాను. ఈ రెండూ నా లోపల పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్ని ఒకటి తోసెయ్యడం లేదు.

నీ దగ్గరికి రాలేదు. 'మీరు' అని రాశావు కదా, ఆ మాటను దాటి ఎట్లా రావాలో తెలియలేదు. అందరూ పోయేదాకా కూర్చుని, బస్సెక్కాను.

నాయిన

---

హేస్,
జూన్ 21.

బిడ్డా,

అమ్మ నీ దగ్గర వారం ఉండి నిన్న వచ్చింది. కాంట్రాక్టు మళ్లీ ఇవ్వలేదని చెప్పింది. ఇప్పుడు మధ్యాహ్నాలు పడుకోవడం లేదని, అన్నం రెండోసారి పెట్టించుకున్నావని చెప్పింది. మూడుసార్లు చెప్పించుకున్నాను. "నా సంగతి అడిగిందా?" అన్నాను. అమ్మ సూట్‌కేసు సర్దుకుంటూ, "నీ సంగతెత్తితే కిటికీ అవుతలికి సూస్తది. లేసి అయితే పోలే" అన్నది.

లేచి వెళ్లిపోలేదన్నది నాకు చాలు. రోజూ డ్యూటీ దిగి వచ్చి తలుపు తీయగానే కింద పడి ఉన్న కవర్లన్నీ తిరగేస్తాను. అన్నీ కౌన్సిల్ ఆఫీసు నుంచో, మా డాక్టర్ క్లినిక్ నుంచో ఉంటాయి.

నువ్వు రాయకపోయినా సరే. పెద్ద అక్షరాలు రాయడం నాకు అలవాటైపోయింది. ఇప్పుడు డ్యూటీ పేపర్ మీద సంతకం కూడా పెద్దగా పెడుతున్నానని మా సూపర్‌వైజర్ నవ్వుతున్నాడు.

నాయిన

---

షెఫీల్డ్,
సెప్టెంబర్ 9.

నాయినా,

చాలా రోజులు పట్టింది. కొంత కోపం వల్ల, కొంత తల వల్ల.

ఏప్రిల్ చివర నన్ను పెద్దాసుపత్రిలో స్పెషలిస్టుకు చూపించారు. వందలోంచి ఏడు చొప్పున తగ్గిస్తూ చెప్పమన్నాడు. ఎనభై ఆరు దగ్గర ఆగిపోయాను. అప్పుడు మొదటిసారి నాకు భయం వేసింది. ఇప్పుడు చివరిదాకా చెప్పగలను. ఆగస్టులో మళ్లీ వెళ్లినప్పుడు ఆయన్ని సూటిగా అడిగాను. ఆ నాలుగు మ్యాచ్‌లు ఆడి ఉంటే ఏమయ్యేది? "ఏమీ కాకపోవచ్చు. చాలా కావచ్చు కూడా. ఖచ్చితంగా ఇదే అయ్యేదని ఎవరు చెప్పినా నమ్మకండి" అన్నాడు. ఇక ఆడొద్దని మాత్రం గట్టిగా చెప్పాడు. సరేనన్నాను. బయటికి వచ్చి కార్ పార్కులో కూర్చుని ఏడ్చాను.

కాబట్టి నువ్వు నన్ను కాపాడావో, నా సీజన్ లాక్కున్నావో నాకు ఎప్పటికీ తెలియదు. నీకూ తెలియదు. మనం ఇద్దరం ఇలాగే బతకాలి. నిన్ను క్షమించానని రాద్దామని మూడుసార్లు మొదలుపెట్టి కొట్టేశాను. కోపం ఇంకా ఉంది. కానీ అది నిన్ను చూడకుండా ఉండేంత పెద్దది కాదు ఇప్పుడు.

మార్చి ఉత్తరంలో మిగతా పేజీలు జూలైలో చదివాను. చదివి సదాశివం గారి గురించి చాలా రోజులు ఆలోచించాను. తొమ్మిదేళ్లు రోజూ ఆ ప్రశ్నకు నువ్వు జవాబు చెప్పావు. తర్వాత ఈ దేశం వచ్చి నాకు బంతి విసిరావు. ఇన్నేళ్లూ ఆయన్ని ఒక్కడివే మోసుకు తిరిగావు. నాకు ఆయన గురించి ఇంకా చెప్పాలి నువ్వు. ఎలా నవ్వేవాడు, ఏ కాలితో ఆడేవాడు, అన్నీ.

క్లబ్బు ఆఫీసులో చిన్న పని ఇచ్చారు. కొత్తగా వచ్చిన అమ్మాయిలకు డాక్టర్ల అపాయింట్‌మెంట్లు, పరీక్షలు చూసుకోవాలి. ఆగస్టు పరీక్ష పెట్టినప్పుడు ఒక్కొక్కరి పక్కన నేనే నిలబడ్డాను. ఒకమ్మాయి మరీ నెమ్మదిగా నొక్కుతోంది. భుజం మీద చెయ్యి వేసి, "మళ్లీ మొదటి నుంచి చెయ్యి, ఈసారి నిజంగా" అన్నాను. నా వైపు చూసి ఎర్రబడింది. చేసింది.

సోమవారం నుంచి శనివారం దాకా బాగానే గడిచిపోతోంది. ఆదివారం గడవడం లేదు. పొద్దున్నే మెలకువ వస్తుంది. కాళ్లకు ఇంకా తెలియదు ఆట అయిపోయిందని. హాలీ బ్యాగు సర్దుకుని వెళ్లిపోతుంది. ఫ్లాట్‌లో నేను ఒక్కదాన్నే. రెండు గంటలకు అక్కడ విజిల్ ఊదుతారు. ఆ టైముకు వంటింట్లోంచి గదిలోకి, గదిలోంచి వంటింట్లోకి తిరుగుతుంటాను. కూర్చోలేను, బయటికి పోలేను.

నువ్వు ఆట మానేశాక ఆ గంట ఎలా గడిపేవాడివో ఎప్పుడూ అడగలేదు.

ఈ ఆదివారం డ్యూటీ ఉంటే మార్పించుకో. రెండు గంటలకల్లా రా.

ప్రణీత